చవుటి నేలలో పాతిన ఇనుపగొట్టముల క్షయమును కొలుచు విధము

బావినీటిని దూరపు మళ్లకు చేర్చుటకై ఇనుపగొట్టమును పాతదలచిన రైతు, తన నేల ఇనుమును ఎంత వేగముగా తినునో ముందుగా తెలిసికొనవలెను. గొట్టము కంటికి కనబడదు గావున, పైరు పొట్టకు వచ్చిన తరుణమున నీరు తగ్గిన పిమ్మట గాని దాని చిల్లు బయటపడదు.

నీరు త్వరగా ఇంకి గాలి చొరబడు ఎఱ్ఱ చెల్కలో ఈ అపాయము తక్కువ. ఉప్పును తేమను పట్టియుంచు చవుడునందును, తడి నల్లరేగడియందును ఎక్కువ. గొట్టము అడుగునకు గాలి చాలనందున తఱచుగా అచ్చటనే గుంటలు పడును.

1922లో అమెరికా ప్రభుత్వ ప్రమాణముల సంస్థవారు 47 విధముల నేలలలో గొట్టపుముక్కలను పాతనారంభించి, కొన్నేండ్ల కొకమారు త్రవ్వితీసి తూచిరి. ఆ పద్ధతిని రైతు తన పొలమున సులభముగా అనుసరింపవచ్చును.

గొట్టపు జాతి ఇనుముతోనే 10 సెంటీమీటర్ల చదరపు రేకులు ఐదు చేయించి, తోమి, ఆరబెట్టి, కంసాలి త్రాసున తూచి, బరువులు వ్రాసికొనవలెను. ఒకటి ఇంట పొడిగా ఉంచి, తక్కిన నాలుగింటిని ఒకదాని కొకటి తగులకుండ గొట్టపు లోతున పాతవలెను. రెంటిని ఏడాదికిని, రెంటిని మూడేండ్లకును తీయవలెను; ఏలయన క్షయవేగము కాలక్రమమున మాఱుచుండును.

తీసినవానిని నిమ్మ ఉప్పు నీటిలో నానబెట్టి, తుప్పు పోవువఱకు కుంచెతో రుద్ది, ఆరబెట్టి తూచవలెను. ఇంటనున్న రేకునకును అంతసేపు అట్లే చేసి, అది తగ్గిన బరువును లెక్కనుండి తీసివేయవలెను. అది నేల తిన్నది కాదు, తోముటవలన పోయినది.

ఇట్టి రేకు రెండు ముఖముల వైశాల్యము 200 చదరపు సెంటీమీటర్లు. ఏడాదిలో 15.7 గ్రాములు తగ్గినచో, సగటున 0.1 మిల్లీమీటరు మందము పోయినదని అర్థము.

అయినను సగటును మాత్రమే నమ్మరాదు. 4 మిల్లీమీటర్ల గొట్టము ఈ లెక్కన 40 ఏండ్లు నిలుచునని తోచును. కాని నీరు కారుటకు ఒక్క చిల్లు చాలును. కావున రేకుపై సరళమైన బద్దను అడ్డముగా నుంచి, సూదితో ప్రతి గుంట లోతును కొలిచి, అన్నింటికంటె లోతైనదానిని వ్రాసికొనవలెను. అది ఏడాదికే 1 మిల్లీమీటరైనచో, ఆ నేలలో పూతలేని ఇనుమును పాతరాదు.

పోత ఇనుపగొట్టము విషయమున మఱొక జాగ్రత్త వలయును. ఇనుము కరగిపోయినను నల్లని గ్రాఫైటు మిగిలి, గొట్టము రూపు చెడక నిలుచును. కత్తిమొనతో గీచి, మెత్తని భాగము తొలగించిన పిమ్మటనే మిగిలిన మందమును కొలువవలెను.

ఐదు రేకుల వెల స్వల్పము. పాతిన గొట్టపు వరుసను మరల త్రవ్వించుట స్వల్పము గాదు.