ఒక్క కొటేషన్ గుర్తు పోతే మెషిన్ పోయినట్టేనా?

దాతలు ఇచ్చిన పాత కంప్యూటర్ల మీదే మా సెంటర్‌లో సాయంత్రం తరగతులు నడుస్తున్నాయి. వాటిలో ఉన్నది విండోస్. పిల్లలకు లినక్స్ కూడా నేర్పాలి. దానికోసం వేరే కంప్యూటర్లు కొనే స్తోమత లేదు కాబట్టి, ఉన్న కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ను నడిపించే వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌ను వాడుతున్నాం. దీన్ని 2007లో ఇన్నోటెక్ అనే జర్మన్ సంస్థ విడుదల చేసింది. 2010 నుంచి ఒరాకిల్ చేతిలో ఉంది. ఇలా లోపల నడిచే కంప్యూటర్‌నే వర్చువల్ మెషిన్ అంటారు.

ఒకసారి పరీక్షకు రెండు రోజుల ముందు మాకు ఒక చిక్కు వచ్చింది. పిల్లలు మూడు నెలలు చేసిన అభ్యాసమంతా ఒకే మెషిన్‌లో ఉంది. అది నెమ్మదిగా నడుస్తోందని, మేమే దాని కాన్ఫిగరేషన్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి, మెమరీ 1024 అని ఉన్నచోట 2048 అని దిద్ది సేవ్ చేశాం. మర్నాడు చూస్తే మెషిన్ పేరు కింద ‘ఇన్‌యాక్సెసిబుల్’ అని ఉంది. మాకు సాయంగా ఉండే కుర్రవాడు ఆ ఫోల్డర్ తెరిచి, “సార్, ఇది పోయినట్టే. మొత్తం డిలీట్ చేసి కొత్తగా పెట్టేద్దామా?” అన్నాడు. ఒక్క నిమిషం ఆగమన్నాం. ఆ నిమిషమే పిల్లల పనిని కాపాడింది. ఆ రోజు నేర్చుకున్నది పాఠంగా ఇక్కడ రాస్తున్నాం.

పోయిందేమిటి, ఉన్నదేమిటి?

మెషిన్ ఫోల్డర్‌లో ముఖ్యమైన ఫైళ్లు రెండు. ఒకటి డిస్క్ ఫైలు. సాధారణంగా దాని పేరు చివర ‘వీడీఐ’ అని ఉంటుంది, పరిమాణం చాలా పెద్దది. పిల్లలు రాసినవన్నీ అందులోనే ఉంటాయి. రెండోది కాన్ఫిగరేషన్ ఫైలు. దాని పేరు చివర ‘వీబాక్స్’ అని ఉంటుంది, పరిమాణం చాలా చిన్నది. మెమరీ ఎంత, డిస్క్ ఎక్కడుంది, నెట్‌వర్క్ ఎలా కలపాలి అన్న వివరాలు మాత్రమే అందులో ఉంటాయి.

ఇంటికీ దస్తావేజుకూ ఉన్న సంబంధమే ఇది. దస్తావేజులో సర్వే నెంబరు తప్పు పడితే ఇల్లు కూలిపోదు. రిజిస్ట్రార్ ఆఫీసులో పని ఆగుతుంది, అంతే. దస్తావేజు తప్పుగా ఉందని ఇల్లు పడగొట్టుకునేవాళ్లు ఎవరూ ఉండరు. ఆ కుర్రవాడు చేయబోయింది మాత్రం అదే.

మొదట కాపీ, తర్వాతే మరమ్మతు

ముందుగా వర్చువల్‌బాక్స్‌ను పూర్తిగా మూసివేయాలి. అది నడుస్తుండగా ఫైలును దిద్దితే, మన మార్పుల మీద అది తన పాత వివరాలను తిరిగి రాసేస్తుంది. తర్వాత మెషిన్ ఫోల్డర్ మొత్తాన్ని మరో డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి. అంత చోటు లేకపోతే కనీసం కాన్ఫిగరేషన్ ఫైలునైనా కాపీ చేయాలి. చెడిపోయిన ఫైలును కూడా దాచాలి. దిద్దుబాటు వికటిస్తే మళ్లీ మొదలుపెట్టడానికి అదే ఆధారం.

తప్పును వెతికే పద్ధతి

వీబాక్స్ ఫైలు ఎక్స్‌ఎంఎల్ అనే పద్ధతిలో రాసిన మామూలు అక్షరాల ఫైలు. ఈ పద్ధతికి నియమాలు కొన్నే, కానీ అవి కచ్చితమైనవి. తెరిచిన ప్రతి గుర్తును మూయాలి. ప్రతి విలువకు రెండు వైపులా కొటేషన్ గుర్తులు ఉండాలి. ఒక్కటి తగ్గినా సాఫ్ట్‌వేర్ ఫైలు మొత్తాన్ని తిరస్కరిస్తుంది.

ఎర్రర్ సందేశాన్ని చూడగానే కంగారుపడి మూసేస్తాం. నిజానికి జవాబు అందులోనే ఉంటుంది. ఎన్నో లైను, ఆ లైనులో ఎన్నో అక్షరం అన్నది అది చెబుతుంది. మా సందేశం 23వ లైను అంది. ఆ లైనులో ఎంత వెతికినా తప్పు కనబడలేదు. పై లైను చూస్తే అక్కడుంది: 2048 తర్వాత ఉండవలసిన కొటేషన్ గుర్తు లేదు. అంకె దిద్దేటప్పుడు మేమే చెరిపేశాం. మూసే గుర్తు లేకపోవడంతో సాఫ్ట్‌వేర్ ఆ విలువ ఇంకా సాగుతోందనుకుని కింది లైనులోకి వెళ్లి, అక్కడ తడబడింది. అందుకే సందేశం చూపిన లైనుతో పాటు దాని పై లైను కూడా చదవాలి.

ఇంకొక పరీక్ష ఉంది. ఫైలు కాపీ ఒకటి తీసి, దాని పేరు చివర ‘ఎక్స్‌ఎంఎల్’ అని మార్చి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో తెరవండి. తప్పుంటే అది లైను నెంబరు చెప్పి, బాణం గుర్తుతో ఆ చోటు చూపుతుంది.

తరచుగా జరిగే పొరపాట్లు

ఒకటి, ఫైలును వర్డ్ వంటి సాఫ్ట్‌వేర్‌లో దిద్దడం. అది నిటారు కొటేషన్ గుర్తులకు బదులు వంకర గుర్తులు పెడుతుంది. మన కంటికి రెండూ ఒకటే, ఎక్స్‌ఎంఎల్‌కు కావు. నోట్‌ప్యాడ్ చాలు.

రెండు, సేవ్ చేసేటప్పుడు పేరు చివర ‘టీఎక్స్‌టీ’ చేరడం. విండోస్ ఆ తోకను దాచిపెట్టగలదు కాబట్టి పేరు సరిగానే ఉన్నట్టు కనబడుతుంది.

మూడు, డిస్క్‌కు ఉండే యూయూఐడీ అనే పొడవాటి గుర్తింపు సంఖ్యను మార్చడం. అది డిస్క్ ఫైలు లోపల ఉన్న సంఖ్యతో సరిపోవాలి. దాని జోలికి పోకూడదు.

నాలుగు, కరెంటు పోయి ఫైలు ఖాళీ అయిపోవడం. ఇందులో మన తప్పు లేదు, కానీ ఫలితం అదే.

దిద్దడానికి వీలుకాకపోతే

వర్చువల్‌బాక్స్ తన పాత కాన్ఫిగరేషన్‌ను అదే ఫోల్డర్‌లో ‘వీబాక్స్-ప్రివ్’ అనే పేరుతో దాచి ఉంచుతుంది. దాని కాపీ తీసి, చివరనున్న ‘-ప్రివ్’ తీసేసి, చెడిపోయిన ఫైలు స్థానంలో పెడితే చాలాసార్లు మెషిన్ లేస్తుంది.

అదీ కుదరకపోతే వేరే పేరుతో కొత్త మెషిన్ తయారు చేసి, డిస్క్ అడిగినప్పుడు కొత్తది వద్దని, ఉన్న పాత డిస్క్ ఫైలునే చూపించాలి. పని మళ్లీ చేతికి వస్తుంది. ఒక్క జాగ్రత్త: ఫోల్డర్‌లో ‘స్నాప్‌షాట్స్’ అనే అర ఉండి, అందులో ఫైళ్లుంటే, పని కొంత ఆ ఫైళ్లలోనూ ఉంటుంది. అప్పుడు ఈ రెండు మార్గాలకూ తెలిసినవారి సాయం తీసుకోవాలి.

మేము కొటేషన్ గుర్తు పెట్టి, సేవ్ చేసి, వర్చువల్‌బాక్స్‌ను మళ్లీ తెరిచాం. మెషిన్ లేచింది. పిల్లల పని ఒక్క అక్షరం కూడా పోలేదు.

తర్వాత ఆ ఫైలు పైభాగం చదివితే సిగ్గేసింది. ‘ఈ ఫైలును చేతితో దిద్దవద్దు’ అని మొదట్లోనే రాసి ఉంది. మెమరీ పెంచడానికి మెషిన్‌ను ఆపి, సెట్టింగ్స్‌లో ‘సిస్టమ్’ అనే చోట అంకె మారిస్తే సరిపోయేది. ప్రశ్నపత్రం పైన ఉన్న సూచనలు చదవమని ముప్పై ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నవాళ్లం మేము.

దాతలకు ఇదంతా ఎందుకంటే, కంప్యూటర్ల పేరు మీద సాయం అడిగేవాళ్లు మీ దగ్గరకు వస్తూనే ఉంటారు. మా కమిటీలో కూడా ఆ సాయంత్రం కొత్త సిస్టమ్ కొందామన్న మాట వచ్చింది. మీ సొమ్ము మా దగ్గర అమానత్. ఇకమీదట ఎవరైనా, మేమైనా సరే, “మెషిన్ పోయింది, కొత్తది కావాలి” అని వస్తే, ఇచ్చే ముందు ఒక్క ప్రశ్న అడగండి: “డిస్క్ ఫైలు ఉందా?” ఉందంటే, ముందు ఆ ఎర్రర్ సందేశం చదివి రమ్మనండి.