బెలూన్ మీద నింద వేసే ముందు

ఇంటిబండి అంటే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది 1982లో ఎన్టీఆర్ ఊరూరా తిరిగిన చైతన్య రథం. హరికృష్ణ నడిపిన పాత షెవర్లే అది. ఆ తరం బండ్లు కమాను కట్టల మీద నడిచేవి. పట్టీ విరిగితే కంటికి కనపడేది. 2001లో వోల్వో బీ7ఆర్ మన దేశానికి వచ్చినాక గాలి బెలూన్ల మీద నడిచే బస్సులు పెరిగాయి. ఇప్పుడు అలాంటివి కొన్ని పాతబడి, సీట్లు పీకించుకుని, పడకలూ గ్యాస్ పొయ్యీ పెట్టించుకుని కాశీ యాత్రలకు పోతున్నాయి. రాత్రి నిలిపిన బండి తెల్లారేసరికి ఒక పక్కకు ఒరిగి ఉంటే కోయిలకుంట్ల షెడ్లలో కుర్రాళ్లు చేసే మొదటి పని బెలూన్ మార్చడం. వాళ్ల కోసమే ఇది రాస్తున్నా.

1. గాలిని నమ్మి బండి కిందికి దూరొద్దు నాయనా. పైపు ఊడినా, లెవలింగ్ వాల్వ్ కడ్డీ చెయ్యి తగిలి కదిలినా క్షణంలో బాడీ కిందికి దిగుతుంది. తల తీసుకునే వ్యవధి ఉండదు. ఇరుసు కింద జాకీ పెట్టినామంటే చాలదు, ఎందుకంటే దిగేది ఇరుసు కాదు, దాని పైనున్న ఛాసిస్. ఛాసిస్ కిందనే ఇనుప స్టాండ్లు గానీ గట్టి దిమ్మెలు గానీ పెట్టాలి. చక్రాలకు రాళ్లు అడ్డం వెయ్యాలి. యజమాని ఎంత తొందరపెట్టినా ఈ పని కాకుండా పానా పట్టొద్దు.

2. లీకును చెవితో వెతకాలి. గేజీ 8 కేజీలు చూపేదాకా ఇంజను నడిపి ఆపెయ్యి. పక్క షెడ్డులో గ్రైండర్ మోగుతుంటే ఏమీ వినపడదు. తెల్లవారుజామున గానీ పొద్దుపోయినాక గానీ చూడు.

3. చిక్కటి సబ్బు నీళ్లు, ఒక బ్రష్షు. ముందు యూనియన్లు, నైలాన్ పైపు వంపులు, ఆ తర్వాత వాల్వ్, అన్నిటికంటే చివర బెలూన్. ఎక్కువమంది దీన్ని తిరగేసి చేస్తారు. పైపు చివర వంకరగా కోసి ఉన్నా, లోపలి ఓ-రింగు ఎండి బిరుసెక్కినా అక్కడే బుడగలు లేస్తాయి. చిన్న ఓ-రింగుతో పోయేదానికి యజమాని చేత వేలు ఖర్చు పెట్టించడం నాకు సుతరామూ నచ్చదు.

4. కొంచెం దిగినదంతా లీకు కాదు. 45 డిగ్రీల ఎండలో వేడెక్కిన గాలి తెల్లారి 25 డిగ్రీలకు చల్లబడితే బెలూన్‌లో దాని పరిమాణం 6 శాతం దాకా తగ్గుతుంది. మన ఎండాకాలంలో ఇది మామూలే. బాడీ చక్రం మీద కూర్చుంటే మాత్రం లీకే.

5. ఎటు దిగిందో చూడు. సాధారణంగా వెనక రెండు లెవలింగ్ వాల్వులు, ముందు ఒకటి ఉంటాయి. వెనక ఎడమ పక్క దిగితే ఆ పక్క పైపు, వాల్వ్, బెలూన్ చూస్తే సరిపోతుంది. ముందు భాగం అలా కాదు. రెండు బెలూన్లకూ ఒకే వాల్వ్ కాబట్టి ఏ ఒక్కటి కారినా రెండూ దిగుతాయి. అక్కడ రెండు పక్కలా వెతకాల్సిందే.

వాల్వ్ మీద అనుమానమొస్తే కడ్డీ విప్పి, లివర్‌ను నడిమికి తెచ్చి పట్టుకో. గాలి వదిలే రంధ్రం ఊరుకుంటే వాల్వ్ మంచిదే, కడ్డీ వంగిందో బుష్ అరిగిందో చూడు. అప్పుడూ గాలి వస్తూనే ఉంటే వాల్వ్ లోపలే పోయింది. జనం దిగినప్పుడు ఆ రంధ్రంలోంచి కాసేపు గాలి రావడం దాని పని, దాన్ని చూసి బెదరొద్దు.

6. మన నల్లరేగడి బెలూన్‌కు శత్రువు. కుందూ పక్క పొలాల దారుల్లో తిరిగిన బండికి బెలూన్ అడుగున, పిస్టన్ మీద మట్టి పేరుకుని ఎండి గట్టిపడుతుంది. కొలిమిగుండ్ల వైపు నాపరాయి గనుల దుమ్ము తోడైతే అది ఆకురాయే. బండి లేచి దిగినప్పుడల్లా రబ్బరు మడతను కోస్తుంది. బండిని పూర్తిగా లేపి, స్టాండ్లు పెట్టి, మడతలోని పగుళ్లు చూడు. దిగి ఉన్నప్పుడు అవి దాక్కుంటాయి. నీళ్లతో కడుగు. డీజిలు, గ్రీజు తగలనివ్వొద్దు, రబ్బరు ఉబ్బి చెడిపోతుంది. లోపలి దారపు పొరలు తేలిన బెలూన్‌కు ట్యూబు ప్యాచీ అతికించమని అడిగేవాళ్లుంటారు. ససేమిరా అను.

7. కొత్త బెలూన్ మళ్లీ చిరిగిందంటే షాక్ అబ్జార్బర్ చూడు. చాలా బండ్లలో బెలూన్ మితిమీరి సాగకుండా పట్టేది అదే.

8. గాలి ట్యాంకు డ్రెయిన్ లాగినప్పుడు నీళ్లొస్తే డ్రయర్ పని అయిపోయింది. నూనె కలిసి వస్తే కంప్రెసర్ రింగులు అరిగినట్టు. ఈ తడే వాల్వులను లోపలినుంచి తింటుంది.

9. అమెరికాలో ఉన్న మా మేనల్లుడు పాత జీఎంసీ ఇంటిబండి కొని ఫోను చేశాడు. 1973 నుంచి 1978 దాకా తయారైన బండి అది. ఇంజను ముందు చక్రాలను తిప్పుతుంది. వెనక ఒక్కో పక్క రెండు చక్రాలు, వాటి నడుమ అడ్డంగా పడుకున్న ఒకే బెలూన్. అది పోతే ఆ పక్కంతా కూలబడుతుంది. ఇక్కడ చెప్పిందే వాడికీ చెప్పాను: ముందు స్టాండ్లు, తర్వాత సబ్బు నీళ్లు, పాత పైపుల మీద మొదటి అనుమానం.

10. బాగుచేసినాక అదే రోజు బండి ఇచ్చెయ్యొద్దు. నాలుగు మూలలా చక్రం నడిమి నుంచి బాడీ అంచుకు కొలిచి, సుద్దతో రాసి, రాత్రంతా నిలిపి పొద్దున మళ్లీ కొలువు. యాత్రకు పోయే బండిలో ఓ గజం నైలాన్ పైపు, దానికి సరిపోయే యూనియన్లు, ఒక వాల్వ్ కడ్డీ, రెండు గట్టి దిమ్మెలు పెట్టించు. వాటిని ఎక్కడ వాడాలో చూపి, డ్రైవరు చేత ఒకసారి చేయించి పంపు.