కొండ కడుపులోని నీరు

కొండను మన కవులు స్థైర్యానికి ప్రతీకగా వర్ణించారు. కాని ఆ స్థైర్యాన్ని నిశ్శబ్దంగా హరించే శక్తి ఒకటి కొండ గర్భంలోనే దాగి ఉంటుంది. అదే నీరు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల విద్యార్థులకు రాతినేల కొత్త కాదు. గట్టిరాతిలో బావి తవ్వితే నీరు రాతి పగుళ్ల నుండి ఊరుతుంది. వానకాలంలో ఆ నీటిమట్టం పైకి వస్తుంది. కొండలోనూ జరిగేది ఇదే. పగుళ్లలోకి ఇంకిన నీరు బయటికి పోయే దారి లేక నిలిచిపోతే దాని పీడనం పెరుగుతుంది. 10 మీటర్ల ఎత్తున నిలిచిన నీరు అడుగున ప్రతి చదరపు మీటరుపై సుమారు 10 టన్నుల బలాన్ని చూపుతుంది.

వాలుపై ఉన్న బండను జారకుండా పట్టి ఉంచేది రాపిడి. పగుళ్లలోని నీరు బండను కింది నుండి ఎత్తుతుంది, వెనుక నుండి నెడుతుంది. రాపిడి సడలగానే బండ జారుతుంది. నీరు ఇంకడానికి సమయం పడుతుంది కనుక, వాన వెలిసిన తరువాత కూడా ప్రమాదం పొంచి ఉంటుంది.

భారీ వర్షాలు కురిసిన నవంబరు ముగియగానే, 2021 డిసెంబరు 1న తిరుమల ఘాట్ రోడ్డుపై బండరాళ్లు విరిగిపడ్డాయి. 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కుండపోత వర్షానికి కొండచరియలు ఇళ్లపై పడి పలువురు మరణించారు.

ఈ శక్తిని తక్కువగా అంచనా వేస్తే కలిగే అనర్థానికి ఇటలీలోని వయాంట్ జలాశయం సాక్ష్యం. 1963 అక్టోబరు 9న టోక్ పర్వతం నుండి 26 కోట్ల ఘనపు మీటర్లకు పైగా రాతిరాశి జలాశయంలోకి జారింది. ఎగసిన అల ఆనకట్టను దాటి దిగువ ఊళ్లను ముంచెత్తింది. దాదాపు 2,000 మంది మరణించారు. నీటి పీడనాన్ని కొలిచే గొట్టాలు అక్కడ కొద్దిగా మాత్రమే ఉండేవి. అవి లోపలి పొరల స్థితిని సరిగా తెలుపలేకపోయాయి.

ఈ పీడనాన్ని కొలిచే సాధనమే పీజోమీటరు. రాతిలో బోరు వేసి, అడుగున రంధ్రాలున్న గొట్టాన్ని దించుతారు. అందులో నీరు లేచిన ఎత్తును బట్టి పీడనం తెలుస్తుంది. మరొక రకంలో బిగించిన సన్నని తీగ ఉంటుంది. పీడనం మారితే, వీణ తంతి వలె దాని కంపనం మారుతుంది. వాన లెక్కలతో ఈ కొలతలను పోల్చి చూసి, పీడనం హద్దు దాటకముందే రాకపోకలను ఆపవచ్చు, ప్రజలను తరలించవచ్చు. వాలులోకి అడ్డంగా రంధ్రాలు తొలిచి నీటిని బయటికి పంపితే, పీడనం తగ్గి కొండ కుదుటపడుతుంది.

పైకి నిశ్చలంగా కనిపించేదంతా సురక్షితం కాదు. కొండ కూలిన తరువాత కారణం వెదకడం కంటే, కూలకముందే దాని అంతరంగాన్ని ఆలకించడం వివేకం. ఆ ఆలకింపు మీదనే కొండ కింద నివసించే వారి ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి.