వృద్ధాశ్రమంలో పెద్దల వ్యాపకాలు: ఆరోగ్య ప్రశ్నోత్తరాలు

ప్రశ్న: వృద్ధాశ్రమంలో తిండి, మందులు, పడక వేళకు అందుతున్నప్పుడు ఆటపాటలు, వ్యాపకాలు అంత అవసరమా?

జవాబు: అవసరమే. ఆశ్రమంలో పెద్దలకు తీరిక కావలసినంత ఉంటుంది, కరువయ్యేది పని. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆవుకు కుడితి పెట్టడమో, మడికి నీళ్లు కట్టడమో, మనవళ్లను బడికి సాగనంపడమో ఏదో ఒకటి చేతిలో ఉండేది. ఆశ్రమంలో చేరిన మర్నాటి నుంచి అన్నీ ఇంకొకరే చేసిపెడతారు. తాగిన గ్లాసు కడగబోయినా వద్దంటారు. చేతులు ఖాళీ అయితే నడక తగ్గుతుంది. నడక తగ్గితే తొడ కండరాలు కరుగుతాయి, మలబద్ధకం మొదలవుతుంది, పగటి కునుకు పెరిగి రాత్రి నిద్ర చెడుతుంది. నిద్ర కోసం మాత్ర వేస్తే ఆ మత్తులో మరుగుదొడ్డికి లేచి తూలిపడే ప్రమాదం ఉంటుంది. తుంటి ఎముక విరిగిన మనిషి మళ్లీ మునుపటిలా నడవడం కష్టం.

మెదడు సంగతీ అంతే. డిమెన్షియాపై లాన్సెట్ కమిషన్ 2024లో ఇచ్చిన నివేదిక, సరిదిద్దుకోగల 14 ముప్పు కారణాలను గుర్తించింది. మధుమేహం, అధిక రక్తపోటు, వినికిడి లోపంతో పాటు నలుగురికీ దూరంగా బతకడం కూడా అందులో ఒకటి. చట్టం కూడా వ్యాపకాన్ని అదనపు సౌకర్యంగా చూడలేదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమానికి 2007లో చేసిన చట్టం 19వ సెక్షన్, ఆశ్రమాల నిర్వహణ ప్రమాణాల గురించి చెబుతూ వైద్య సంరక్షణ పక్కనే వినోద సాధనాలనూ పేర్కొంది.

టీవీ ముందు కూర్చోబెట్టడం ఈ లెక్కలోకి రాదు. పొద్దున్నుంచి రాత్రి దాకా భక్తి చానల్ పెట్టి వదిలేస్తే అది చెవిన పడే చప్పుడుగానే మిగులుతుంది. మధ్యాహ్నం శ్రీవారి కల్యాణోత్సవ ప్రసారానికి అందరూ ఒకచోట చేరి, చూసి, కాసేపు మాట్లాడుకుంటే మాత్రం ప్రయోజనం ఉంటుంది.

ప్రశ్న: కొత్తగా చేరినవారు గది దాటి రారు. ఏ వ్యాపకంతో మొదలుపెట్టాలి?

జవాబు: మొదటి రెండు మూడు వారాలు బలవంతం పనికిరాదు. ఇల్లు వదిలిన దుఃఖానికి కొంత వ్యవధి ఇవ్వాలి. ఆ లోపు ఆ మనిషి ఏం చేసి బతికారో తెలుసుకోవాలి. చేర్చుకునేటప్పుడు షుగరు, బీపీ, ఆపరేషన్ల వివరాలు రాసుకునే కాగితంలోనే పాత వృత్తి, చేతనైన పని, ఇంట్లో మాట్లాడే భాష, ఇష్టమైన పాట, నిద్ర లేచే వేళ కూడా రాసుకోవడం మంచిది. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో శెనక్కాయ పండించిన రైతు, పాడి ఆవులతో సంసారం ఈదిన అవ్వ, నగరిలో మగ్గం నేసినవారు, శ్రీకాళహస్తిలో కలంకారీ కలం పట్టినవారు, దేవస్థానంలోనో రైల్వేలోనో ఉద్యోగం చేసి రిటైరైనవారు ఒకే వరండాలో కూర్చునే అవకాశం ఉంది. వీళ్లందరి ముందూ ఒకే క్యారమ్ బోర్డు పెట్టి వ్యాపకం కల్పించామనుకోవడం సరికాదు.

శెనక్కాయలు ఒలవడం ఈ ప్రాంతంలో ఒంటరిగా చేసే పని కాదు. విత్తనం కోసం ఆడవాళ్లు గుంపుగా కూర్చుని, ఊరి మాటలన్నీ చెప్పుకుంటూ ఒలిచేవారు. వారానికి రెండు పూటలు ఆశ్రమంలో ఒక చాప పరిచి కుప్ప పోస్తే, గదిలోంచి రానన్న అవ్వ కూడా ఒలుపు ఎలా సాగుతోందో చూడటానికైనా వస్తుంది. బొటనవేలికి, చూపుడువేలికి పట్టు పెరుగుతుంది; చొక్కా గుండీ పెట్టుకోవడానికి, అన్నం కలుపుకోవడానికి కావలసింది ఆ పట్టే. కీళ్లవాతంతో వేళ్లు బిగుసుకుపోయేవారు ముందు పది నిమిషాలు చేతులు గోరువెచ్చని నీళ్లలో ఉంచి మొదలుపెట్టాలి. బూజు పట్టిన కాయలను ఏరి పారేయాలి. పళ్లు లేనివారు, మింగడం కష్టమైనవారు పప్పులు నోట వేసుకోకుండా ఒకరు చూస్తుండాలి.

పూలు కట్టడం, చింతపండు గింజలు తీయడం, ముగ్గు వేయడం, బారాకట్ట, పులిజూదం, వామనగుంటలు కూడా ఇలాంటివే. కట్టిన దండ ఆశ్రమంలోని దేవుడి పటానికి వెళ్లాలి. గింజ తీసిన చింతపండు వంటింటికి చేరాలి. సంగటికి ఊరిబిండి ఎలా నూరాలో వంటమనిషి అవ్వను అడిగి చేస్తే, ఆ పూట భోజనంలో ఆమెకూ భాగం దక్కుతుంది. ఊరికే చేయించి పక్కన పారేసే పనిని పెద్దలు ఇట్టే పసిగడతారు.

ఎంచుకునే హక్కు, పూచీ ఎంత ముఖ్యమో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ 1976లో ప్రచురించిన అధ్యయనం చూపింది. అమెరికాలోని కనెక్టికట్‌లో ఒక నర్సింగ్ హోంలో ఒక అంతస్తు వారిని తమకు నచ్చిన మొక్క ఎంచుకుని నీళ్లు పోసుకోమన్నారు. సినిమా ఏ రోజు చూడాలో కూడా వారినే తేల్చుకోమన్నారు. ఇంకో అంతస్తు వారికీ మొక్కలిచ్చారు, కానీ నీళ్లు పోసే పని సిబ్బందిది. మూడు వారాల తర్వాత చూస్తే మొదటి అంతస్తు వారు ఎక్కువ చురుగ్గా, ఎక్కువ సంతోషంగా ఉన్నారు. తులసికోట, కరివేపాకు చెట్టు, నాలుగు మల్లె పాదులు ఉంటే ఈ పని ఏ ఆశ్రమంలోనైనా మొదలుపెట్టవచ్చు.

ఒక హద్దు మాత్రం దాటకూడదు. వ్యాపకం పేరుతో వంటింటి చాకిరీ పెద్దల మీద వేయడం అన్యాయం. ఈ రోజు చేయనంటే ఎందుకని అడగకూడదు.

ప్రశ్న: మతిమరుపు ముదిరినవారితో ఏం చేయించాలి?

జవాబు: 2023లో వెలువడిన జాతీయ అంచనా ప్రకారం భారతదేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉంది. ఈ జబ్బులో నిన్నటి సంగతి ముందు పోతుంది, చిన్ననాటిది చాలాకాలం నిలుస్తుంది. వ్యాపకాన్ని ఆ నిలిచినదాని మీదే కట్టాలి.

అందుకు చిత్తూరు సీమలో దొరికే సరుకు చాలా ఉంది. ఇక్కడి పల్లెల్లో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం ఉత్సవాలు రోజుల తరబడి సాగుతాయి. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం, అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, చివర్లో దుర్యోధన వధ, అగ్నిగుండం. వయసులో ఉండగా వేషం కట్టిన పెద్దలకు, తెల్లవార్లూ కూర్చుని చూసిన పెద్దలకు ఆ పద్యాలు నోటికి తగులుకుని ఉంటాయి. కొడుకు పేరు తడుముకునే తాత, ఎవరైనా పద్యం ఎత్తుకుంటే రాగంతో సహా అందుకోగలడు. తిరుపతి వాసులకైతే తాతయ్యగుంట గంగమ్మ జాతర ఉంది. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు అంటూ రోజుకో వేషం. ఏ రోజు ఏ వేషమో, ముఖానికి ఏం పూసుకునేవారో, ఎవరి ఇంటి ముందు ఆగేవారో మాటల్లో పెడితే గంట తెలియకుండా గడుస్తుంది.

ఇదంతా పరీక్షలా సాగకూడదు. ‘గుర్తుందా, చెప్పు చూద్దాం’ అని నిలదీస్తే చెప్పలేని మనిషి సిగ్గుపడి ముడుచుకుపోతారు. పాట ఎత్తుకోవడం, పాత ఫొటో చేతికివ్వడం, ఉగ్గుగిన్నె, కవ్వం, తిరగలి పిడి లాంటి వస్తువులు తాకించడం మంచి పద్ధతి. తప్పు చెబితే దిద్దనక్కర్లేదు.

బ్రిటన్‌లో రూపొందిన కాగ్నిటివ్ స్టిమ్యులేషన్ థెరపీ ఇదే దారిలో నడుస్తుంది. చిన్న గుంపుతో, వారానికి రెండుసార్లు, సుమారు 45 నిమిషాల చొప్పున ఏడు వారాల్లో 14 కూడికలు జరుపుతారు. చెన్నైలోని మానసిక ఆరోగ్య సంస్థ స్కార్ఫ్ దీన్ని తమిళ పెద్దలకు అనువుగా మలిచింది. సాయంత్రం అయ్యేసరికి తికమక, చిరాకు పెరిగే పెద్దలకు ఈ కూడికలు ఉదయమే పెట్టాలి.

ప్రశ్న: మోకాళ్ల నొప్పులు, చూపు, వినికిడి లోపం ఉన్నవారు ఎలా పాల్గొంటారు?

జవాబు: ముందు లోపాన్ని సరిచేయించాలి. పేపరు చదవడం మానేసిన పెద్దాయనకు విసుగు కాకుండా శుక్లం కారణమై ఉండవచ్చు. దానికి ఆపరేషన్ ఉంది. వినపడనివారిలో మొదట చెవిలో గులిమి ఉందేమో చూడాలి. అరవడం వల్ల మాట స్పష్టం కాదు. వెలుతురులో ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా, పెదాలు కనిపించేలా మాట్లాడాలి.

వృద్ధులు వారానికి కనీసం మూడు రోజులు ఒంటి నిలకడకూ, బలానికీ సంబంధించిన వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. చేతులున్న కుర్చీలోంచి లేచి కూర్చోవడం మొదటి మెట్టు. కోలాటాన్ని కుర్చీల్లో కూర్చునే ఆడవచ్చు. పాటకు తగ్గట్టు కోలలు తాకిస్తే భుజాలు కదులుతాయి, చూపు, చెయ్యి కలిసి పనిచేస్తాయి. బీపీ మాత్రలు వేసుకునేవారు గబుక్కున లేవకూడదు. ఇన్సులిన్ తీసుకునేవారు ఖాళీ కడుపుతో వ్యాయామానికి రాకూడదు. ఏప్రిల్, మే ఎండల్లో ఆరుబయట పనులన్నీ పొద్దున ఎనిమిదిలోపే ముగించాలి.

ప్రశ్న: రోజూ భజన పెడుతున్నా కొందరు దూరంగానే ఉంటారు. ఎందుకు?

జవాబు: అందరికీ భజన నచ్చాలని లేదు. ఈ జిల్లాల్లో తమిళం, ఉర్దూ ఇంటి భాషగా ఉన్నవారు, ఇతర మతాలవారు, ఏ పూజా చేయనివారు ఉంటారు. పేపరు బిగ్గరగా చదివి రాజకీయాలు మాట్లాడుకోవడం, పాత సినిమా పాటలు, రచయిత నామిని చిత్తూరు యాసలో రాసిన కథలు చదివి వినిపించడం వీరికి నచ్చవచ్చు.

ప్రశ్న: తిరుమలకు తీసుకెళ్లమని అడుగుతారు. వెళ్లవచ్చా?

జవాబు: నిలకడగా ఉన్నవారు వెళ్లవచ్చు. సుమారు 2,800 అడుగుల ఎత్తు పెద్ద ఇబ్బంది కాదు. ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతులు, నిరీక్షణలో మూత్రం ఆపుకోవడం, మందుల వేళ తప్పడం ఇబ్బంది పెడతాయి. మూత్రం ఎక్కువగా తెప్పించే మాత్ర వేసుకునేవారు ఆ రోజు దాన్ని ఎప్పుడు వేసుకోవాలో డాక్టరును ముందే అడగాలి. ఇటీవల గుండెపోటు వచ్చినవారు, నాలుగడుగులకే ఆయాసపడేవారు వాయిదా వేసుకోవాలి. వారికి తిరుచానూరు, గోవిందరాజస్వామి గుడి, చంద్రగిరి కోట లాంటి దగ్గరి చోట్లు మేలు.

ప్రశ్న: పుట్టినరోజులకు దాతలు వచ్చి కేకు కోసి, భోజనాలు పెట్టి వెళుతుంటారు. ఇది పెద్దలకు మంచిదేనా?

జవాబు: వారి మంచి మనసును కాదనలేం. కానీ వరుసగా కూర్చోబెట్టి, ఫొటోలు తీసి, అరగంటలో వెళ్లిపోతే పెద్దలు పుచ్చుకునేవారుగానే మిగిలిపోతారు. అడగకుండా ఫొటో తీయకూడదు. షుగరున్నవారికి కేకు, మిఠాయి బదులు పండ్లు తేవాలి. అదే కుటుంబం నెలకోసారి పిల్లలతో వచ్చి, ఒక్కరి దగ్గరే కూర్చుని పులిజూదమో, పద్యమో నేర్చుకుంటే ఆ పెద్దాయన తేదీ లెక్కపెట్టుకుని ఎదురుచూస్తారు.

ప్రశ్న: ఏ వ్యాపకమూ పట్టనివారిని ఎప్పుడు డాక్టరుకు చూపించాలి?

జవాబు: ఇష్టమైన పనిపైనా రెండు వారాలకు మించి ఆసక్తి లేకపోతే చూపించాలి. ఈ వయసులో దిగులు తరచూ మాటల్లో నేరుగా బయటపడదు. ‘ఒళ్లంతా నొప్పులు’, ‘ఆకలి లేదు’, ‘మూడింటికే మెలకువ వస్తుంది’ అంటారు. 15 ప్రశ్నలున్న జీరియాట్రిక్ డిప్రెషన్ స్కేల్‌తో అనుమానాన్ని తేల్చుకుంటారు. థైరాయిడ్, విటమిన్ బి12, రక్తంలో సోడియం కూడా పరీక్షించాలి. కుంగుబాటుకు మందు అవసరమైతే వాడాల్సిందే, వ్యాపకం దానికి తోడు మాత్రమే. మొన్నటిదాకా బాగున్న మనిషి ఒకటి రెండు రోజుల్లోనే మందకొడిగా, తికమకగా మారితే అది దిగులు కాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, న్యుమోనియా, షుగర్ పడిపోవడం, కొత్త మందు లాంటి కారణాలు ఉండవచ్చు, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. చావు మాట ఎత్తితే తేలిగ్గా తీసుకోకుండా, ఒంటరిగా వదలకుండా మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయాలి. ఆశ్రమంలో నిర్లక్ష్యం, వేధింపు ఉంటే వయోవృద్ధుల సహాయ నంబరు 14567.