వ్యాయామాంతమున ధ్యానము

నేడు పట్టణములలో తెల్లవారుజామున జరుగు యోగ, వ్యాయామ తరగతులకు వర్తక కుటుంబముల స్త్రీ పురుషులు పలువురు వచ్చుచున్నారు. ఆసనములన్నియు శ్రద్ధగా చేయుదురు. చివరి పది నిమిషముల ధ్యానమనగానే చాప చుట్టుకొని లేతురు. కొట్టు తీయు వేళయైనదని ఒకరు, పిల్లల బడి బస్సు వచ్చునని మరియొకరు. కొందరికి ఏ తొందరయు లేదు. కసరత్తు అయినది గదా, ఊరక పరుండుటకా రుసుము చెల్లించినది అని వారి తలంపు.

ఈ లెక్క తప్పు. రొక్కపు నిలువ సరిచూడక కొట్టుకు తాళము వేయు వర్తకుడుండునా? వేగముగా కసరత్తు చేయునప్పుడు గుండె వడి హెచ్చును. కాళ్ల కండరములకు రక్తము అధికముగా పోవును. చటుక్కున ఆగి నిలుచున్నచో ఆ రక్తము కాళ్లయందే నిలిచి తల తిరుగవచ్చును. కావున మొదట రెండు మూడు నిమిషములు మెల్లగా నడచి, పిమ్మట పరుండవలెను. శ్వాస నెమ్మదించు కొలది నాడి దిగును, బిగిసిన భుజములు సడలును. హఠయోగ ప్రదీపికయందు శవాసనమును ఆసనములలోనే చేర్చిరి. దానిని విడిచినవారు తరగతిలో ఒక ఆసనము విడిచినట్లే.

జైనులకు ఇది క్రొత్త కాదు. షడావశ్యకములలో కాయోత్సర్గమొకటి. 1975లో ఆచార్య తులసి గారి కాలమున రూపొందిన ప్రేక్షాధ్యానము కూడ కాయోత్సర్గముతోనే ఆరంభమగును. సామాయికమునకు కూర్చున్నవారు 48 నిమిషములు నిండక లేవరు. వారే వ్యాయామశాలలో గడియారము చూచుకొనుట వింతయే.

ఐతే లేచిపోవువారిని నిందించి ఫలము లేదు. లోపము పెక్కు చోట్ల ఉపాధ్యాయునిదే. గంట తరగతి యని చెప్పి, గంట నిండిన పిదప ధ్యానము మొదలిడినచో ఎవరు నిలుతురు? 60 నిమిషములలో 50 కసరత్తునకు, 10 విశ్రాంతికి అని మొదటి దినముననే చెప్పవలెను. క్రొత్తవారికి పది నిమిషములు దీర్ఘముగా తోచును. దిగంబర సంప్రదాయమున తొమ్మిది మారులు ణమోకారమునకు 27 ఉచ్ఛ్వాసలని లెక్క కలదు. నెమ్మదించిన శ్వాసకు అది సుమారు రెండు నిమిషములు. తొలి వారమునకు అంతే చాలును. అన్యమతస్థులున్న చోట ఏ మంత్రమును చెప్పక, ఊపిరి మాత్రమే లెక్కించుకొనుమనవచ్చును.

నడుము నొప్పి గలవారికి మోకాళ్ల క్రింద మడచిన దుప్పటి పెట్టవలెను. నెలలు నిండుచున్న గర్భిణులు వెల్లకిల పరుండక, ఎడమ ప్రక్కకు తిరిగి పరుండుట మేలు. కన్నులు మూసికొనుటకు జంకువారు తెరచియే ఉండవచ్చును. నిజముగా పోవలసినవారిని మొదటనే తలుపు దగ్గర చాప పరచుకొమ్మని, అందరును పరుండుటకు ముందే పంపవలెను. నడుమ లేచినచో ఇతరుల నిశ్శబ్దము చెడును. మొబైలు ఫోనులు చెప్పుల వద్దనే విడిపించుట మంచిది. ధ్యానము కాగానే దీపములన్నియు ఒక్కమారుగా వెలిగింపరాదు. ప్రక్కకు తిరిగి, చేయి ఊనుకొని అందరును లేచి కూర్చుండిన తరువాత కిటికీలు తెరువవలెను.