నేల తేమ కదలిక అంచనాకు గతిజ నమూనా: కడప జిల్లా నేలలకు అన్వయం

పరిచయం

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాల నల్లరేగడి నేలలలో రబీ శనగ ప్రధానంగా నేలలో నిల్వ ఉన్న తేమపైనే ఆధారపడి పెరుగుతుంది. పులివెందుల ప్రాంతంలో చీనీ, అరటి తోటలకు బిందు సేద్యం ద్వారా నీరందిస్తారు. రెండు చోట్లా తెలియవలసినది ఒకటే: పైన పడిన నీరు ఎంతసేపటికి ఎంత లోతుకు చేరుతుంది? వేరు మండలం దాటి దిగిన నీరు పంటకు దక్కదు.

సమస్య స్వరూపం

తడిసిన నేలలో నీటి ప్రవాహానికి డార్సీ 1856లో సూత్రం ఇచ్చారు. దానిని పూర్తిగా తడవని నేలలకు విస్తరింపజేసి రిచర్డ్స్ 1931లో ఒక పాక్షిక అవకలన సమీకరణాన్ని రూపొందించారు. ఇందులో తేమ వ్యాపన గుణకం, నీటి వాహకత్వం రెండూ తేమను బట్టి మారుతాయి. అందువలన సమీకరణం అరేఖీయమవుతుంది. సాధారణ పద్ధతులలో ప్రతి కాలఘట్టంలోనూ అన్ని పొరల సమీకరణాలను కలిపి, పదేపదే సవరిస్తూ సాధించవలసి వస్తుంది. పొడినేలలో తడి అంచు నిటారుగా ఉన్నప్పుడు ఈ సాధన కష్టతరమవుతుంది.

గతిజ నమూనా

భట్నాగర్, గ్రాస్, క్రూక్ 1954లో వాయు కణాల తాడనాలను సరళమైన సడలింపు పదంతో సూచించారు. వీరిలో ప్రభు లాల్ భట్నాగర్ భారతీయ గణిత శాస్త్రవేత్త. ఆ భావననే నేల తేమకు అన్వయించవచ్చు.

ప్రతి పొరలోని తేమను రెండు భాగాలుగా భావించాలి. ఒకటి స్థిర వేగంతో కిందికి, మరొకటి అదే వేగంతో పైకి కదులుతుంది. రెండింటి మొత్తం తేమ; వాటి తేడాను వేగంతో గుణిస్తే నీటి ప్రవాహం. గణన రెండు అంచెలలో సాగుతుంది.

1. సడలింపు: రెండు భాగాలూ సమతాస్థితి విలువల వైపు జరుగుతాయి. ఆ విలువల మొత్తం పొరలోని తేమకు, వాటి తేడాను వేగంతో గుణించిన ఫలితం వాహకత్వానికి సమానంగా ఉండాలి. మొత్తం మారదు కనుక నీటి లెక్క తప్పదు.

2. కదలిక: కిందికి పోయే భాగం ఒక పొర దిగుతుంది, పైకి పోయేది ఒక పొర ఎక్కుతుంది.

సడలింపు కాలం తగినంత స్వల్పమైతే ఈ రెండు సరళమైన అంచెలు రిచర్డ్స్ సమీకరణ సాధనకు చేరువవుతాయి. వ్యాపన గుణకాన్ని వేగం వర్గంతో భాగించి, కాలఘట్టంలో సగం కలిపితే సడలింపు కాలం వస్తుంది.

ఊహాత్మక ఉదాహరణ

పొర మందం 1 సెం.మీ., కాలఘట్టం 0.01 గంట అయితే వేగం గంటకు 100 సెం.మీ. వ్యాపన గుణకం గంటకు 20 చదరపు సెం.మీ. అయితే సడలింపు కాలం 0.002 + 0.005 = 0.007 గంట. నేల ఆరి గుణకం 2కు తగ్గితే అది 0.0052 గంట అవుతుంది. ఈ విలువ 0.005 హద్దుకు మరీ సమీపం. తేమ విలువలలో ఊగిసలాట కనిపించవచ్చు. అప్పుడు పొర మందాన్ని తగ్గించాలి. అయితే వేగం కూడా తగ్గుతుంది. తేమతో వాహకత్వం పెరిగే రేటు కంటే ఆ వేగం ఎక్కువగా ఉన్నదో లేదో సరిచూడాలి.

ఉపరితలం వద్ద వాన తీవ్రతను ప్రవాహంగా ఇవ్వాలి. పై పొర పూర్తిగా తడిసిన తరువాత తేమను సంతృప్త స్థాయిలో స్థిరపరచి, మిగిలిన నీటిని పారుదలగా లెక్కించాలి.

పరిమితులు

ఎండిన నల్లరేగడిలో తొలి వాన నీరు పగుళ్ల వెంట నేరుగా లోతుకు దిగుతుంది. ఈ నమూనా దానిని చూపదు. పగుళ్ల ప్రవాహాన్ని వేరుగా చేర్చాలి. డ్రిప్పర్ కింద నీరు పక్కలకు కూడా వ్యాపిస్తుంది కనుక నిలువు దిశ ఒక్కటే చాలదు, పక్క దిశల కదలికలనూ చేర్చాలి.

ముగింపు

ఈ పద్ధతిలో ప్రతి పొర గణన స్థానికమే కనుక విద్యార్థులు దీనిని చిన్న ప్రోగ్రాముగా రాసుకోగలరు. అయితే వాహకత్వం, తేమ ధారణ విలువలను ఆయా పొలాల నమూనాల నుండే తీసుకోవాలి. వివిధ లోతులలో కొలిచిన తేమతో ఫలితాలను పోల్చిన తరువాతనే నీటి తడులపై రైతులకు సలహా ఇవ్వడం సముచితం.