ముందు చక్రానికి జంట టైర్లు: మెస్త్రీ మాట వినాలా, ఆర్సీ చూడాలా?

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లా. అంతా నల్లరేగడి. వేలంలో ఒకాయన కొన్న పాత మిలిటరీ ట్రక్కును ఆయన దగ్గర తీసుకుందామనుకుంటున్న. పత్తి, ఎరువుల బస్తాలు మోయడానికి. కరీంనగర్‌ల ఒక షెడ్డు మెస్త్రీ ముందు చక్రాలకు కూడ వెనకలెక్క జంట టైర్లు వేస్తే బండి దిగబడదంటున్నడు. ‘ఏం గాదన్నా, లోడు గూడ ఎక్కువ పడ్తది’ అంటున్నడు. చట్టంతోని ఏమన్న ఇబ్బంది ఉంటదా?

జవాబు: ఉంటుంది. మెస్త్రీ చెప్పిన రెండింటిలో దిగబడదన్న మాట సగం నిజం, లోడు మాట పూర్తిగా తప్పు.

టైరు నేల మీద ఆనే జాగా పెరిగితే ఒత్తిడి తగ్గుతుంది, రేగట్లో కూరుకుపోవడమూ తగ్గుతుంది. కానీ వెనక చక్రం తిన్నగా దొర్లేది, ముందు చక్రం మలుపు తిరిగేది. స్టీరింగ్ తిప్పినప్పుడు పక్కపక్కనే బిగించిన రెండు టైర్లు ఒకే వంపులో పోవు. ఒకటి దొర్లుతుంటే రెండోది నేలను రాచుకుంటుంది. ఆ ఈడ్పంతా కింగ్‌పిన్ మీద, బుష్‌ల మీద, స్టీరింగ్ రాడ్ల మీద పడుతుంది. రెండో డిస్క్ పట్టడానికి స్టడ్‌లు పొడవువి వేస్తారు, బయటి టైరు మడ్‌గార్డు దాటి పొడుచుకొస్తుంది. రెండింటి సందులో రాయి ఇరుక్కుంటే టైరు గోడ కోసుకుపోతుంది. అసలు బురదలో నడవడానికే చేసిన సైన్యం ట్రక్కుల తీరు వేరు. స్టాలియన్ ట్రక్కును చూడండి, ముందూ వెనకా పెద్ద ఒంటి టైర్లే ఉంటాయి. ముందు చక్రం చేసిన గాడిలోనే వెనకది నడవాలని ఆ ఏర్పాటు.

ఇక లోడు. బండి ఎంత మోయాలో తేల్చేది మన కంటికి కనిపించే టైర్ల లెక్క కాదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 58వ సెక్షన్ ప్రకారం బండి కంపెనీ, మోడల్, టైర్ల సంఖ్య, రకం, సైజు చూసి కేంద్రమే ఒక్కో ఇరుసుకు బరువు నిర్ణయిస్తుంది. ఆర్టీఏ వాళ్లు ఆ బరువునూ, ఏ ఇరుసుకు ఎన్ని టైర్లు, ఏ సైజువి అన్నదాన్నీ ఆర్సీలో ఎక్కిస్తారు. 2018 జులై 16న కేంద్రం పరిమితులు పెంచినప్పుడు ముందు రెండు, వెనక నాలుగు టైర్లున్న లారీ మొత్తం బరువు 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు పెరిగింది. అది గెజిట్‌తో వచ్చిన పెంపు. షెడ్డులో టైరు తగిలిస్తే రాదు. ఆర్సీలో ఉన్నదానికంటే ఎక్కువ ఎత్తితే 194వ సెక్షన్ కింద 20,000 రూపాయలు, ఆపైన అదనంగా ఎక్కిన ప్రతి టన్నుకూ 2,000. ఎక్కువైన సరుకు దింపించే ఖర్చూ మీదే. కరీంనగర్ గ్రానైట్ లారీలు నడిపే ఏ డ్రైవర్‌ను అడిగినా ఈ సెక్షన్ సంగతి చెబుతాడు.

మీ ప్రశ్నకు అసలు జవాబు 52వ సెక్షన్‌లో ఉంది. తయారీ కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్సీకీ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. మార్పు అంటే బండి మౌలిక స్వరూపం మారేలా నిర్మాణంలో చేసే మార్పు అని చట్టమే వివరణ ఇచ్చింది. కేరళకు చెందిన జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరి 9న దీన్నే గట్టిగా చెప్పింది. రంగు మార్చడం, చిన్నచిన్న సామాను తగిలించడం వేరు. కంపెనీ డిజైన్‌ను మార్చడం వేరు. ముందు ఇరుసుకు రెండు టైర్లకు బదులు నాలుగు వేయడం ఈ రెండో కోవలోకే వస్తుందని నా అభిప్రాయం. సీటు కవరు మార్చినంత తేలిక కాదది.

2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ నాలుగో ఉపవిభాగం ఇంకా కఠినం. అనుమతి లేకుండా మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. గమనించండి, ఆ ఉపవిభాగం పట్టుకునేది యజమానిని. ‘నేనున్నగా’ అన్న మెస్త్రీ పేరు చలానాలో ఉండదు. తీరా షెడ్డు మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామన్నా, చట్టం వద్దన్న పనికి కుదుర్చుకున్న ఒప్పందం చెల్లదని ఎదుటివాళ్లు వాదిస్తారు. బండి హైర్-పర్చేజ్ ఒప్పందం మీద ఉంటే రిజిస్టర్డ్ యజమాని రాతపూర్వక సమ్మతి లేకుండా ఏ మార్పూ చేయకూడదని కూడా 52లోనే ఉంది.

‘నా చేన్లో నేను నడుపుకుంటే ఎవరికేంటి?’ అని చాలామంది అడుగుతారు. రిజిస్ట్రేషన్ గురించి చెప్పే 39వ సెక్షన్ బహిరంగ స్థలంలో ‘లేదా మరే స్థలంలోనైనా’ అని స్పష్టంగా అంటుంది. చేను మనదే అయినా రిజిస్ట్రేషన్ తప్పదు. పైగా పత్తి జిన్నింగు మిల్లుకు పోవాలి కదా, దారిలో తారురోడ్డు ఎక్కక తప్పుతుందా?

టైర్ల కంటే ముందు చూడాల్సింది కాగితాలు. సైన్యం బండ్లకు రిజిస్ట్రేషన్ వేరుగా, 60వ సెక్షన్ కింద ఉంటుంది. నంబరు ప్లేటు మీద పైకి చూసే బాణం గుర్తు ఆ బాపతుదే. రక్షణ పనుల నుంచి తప్పించాక ఆ నంబరు పనికిరాదు, మామూలు రిజిస్ట్రేషన్ చేయించాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 47వ నిబంధన, మాజీ సైనిక వాహనానికి సంబంధిత అధికారులు ఫారం 21లో ఇచ్చిన అసలు విక్రయ ధ్రువపత్రం జతచేయాలంటుంది. జిరాక్సు చూపించి ‘ఒరిజినల్ ఇంట్ల ఉంది’ అనే మాటకు అడ్వాన్సు ఇవ్వకండి. వేలంలో కొన్నాయన ముందు తన పేరున రిజిస్టర్ చేయించుకోనివ్వండి. ఆ తర్వాత అమ్మినాయన 14 రోజుల్లో, కొన్న మీరు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలిపి పేరు మార్పించుకోవాలి.

ఇంకో మెలిక ఉంది. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్లను 2023 ఏప్రిల్ 1 నుంచి పునరుద్ధరించడం లేదు. అవి తుక్కు కేంద్రాలకే పోవాలి. సైన్యం కార్యాచరణలో వాడే కొన్ని ప్రత్యేక వాహనాలకు మాత్రం మినహాయింపు ఉంది. కాబట్టి వేలం కాగితంలో ‘వాహనం’ అని రాశారా, ‘తుక్కు’ అని రాశారా, మాట మాట చదివించుకోండి. తుక్కుగా కొన్నదానికి ఆర్సీ వస్తుందని ఎవరు చెప్పినా నమ్మకండి.

బీమా సంగతి. పాలసీలో లేని మార్పు చేసి, బండి పల్టీ కొడితే మీ సొంత నష్టం క్లెయిమును కంపెనీ తిరస్కరించే వీలుంది. అయినా కథ అక్కడితో అయిపోదు. షరతు తప్పినంత మాత్రాన మొత్తం సొమ్ము ఎగ్గొట్టకూడదని, ‘నాన్-స్టాండర్డ్’ పద్ధతిలో కొంత ఇవ్వాలని అమలేందు సాహూ కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ప్రమాదం ఆ మార్పు వల్లే జరిగితే ఆ తీర్పు పెద్దగా ఆదుకోదు. ఎదుటి మనిషికి దెబ్బ తగిలితే కంపెనీ ముందు అతనికి చెల్లించి, తర్వాత మీ దగ్గర వసూలు చేసుకోవచ్చు. ప్రాణం పోతే నిర్లక్ష్యం కేసు విడిగా నడుస్తుంది. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు శిక్ష పడవచ్చు.

బండిని ఆపిన ప్రతిసారీ అధికారి చెప్పిందే వేదమని తల వంచనక్కర్లేదు. కాగితాలు తీసుకుంటే 206వ సెక్షన్ కింద రసీదు ఇవ్వాలి. 207 కింద బండిని నిలిపేస్తే, తగిన పత్రాలతో విడుదలకు దరఖాస్తు పెట్టుకునే హక్కు మీకుంది. రసీదు లేకుండా రూపాయి ఇవ్వకండి. రిజిస్ట్రేషన్‌కు గానీ, మార్పు ఆమోదానికి గానీ ఆర్టీఏ కాదంటే కారణం రాతలో అడిగి తీసుకోండి, 57వ సెక్షన్ కింద 30 రోజుల్లో అప్పీలు వేయండి. లాయరు ఖర్చు భరించలేనివాళ్లు 15100కు ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థ వాళ్లు మాట్లాడతారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం ఉంది. ఉట్నూరు, నార్నూరు వైపు ఆదివాసీ రైతులు దీన్ని ఇంకా బాగా వాడుకోవాలి.

పనిలో పనిగా, వరి నాట్లప్పుడు కరీంనగర్, జగిత్యాల వైపు కేజ్‌వీల్స్ ఉన్న ట్రాక్టర్లను తారురోడ్డు మీద నడిపేవాళ్లకూ ఒక మాట. ఆ ఇనుప చక్రాలు రోడ్డును చీల్చితే ప్రజా ఆస్తుల విధ్వంస నిరోధక చట్టం, 1984 కింద కేసు పెట్టే వీలుంది, అయిదేళ్ల వరకు శిక్ష ఉన్న చట్టమది. చక్రాలను ట్రాలీలో వేసుకొని పోయి పొలం గట్టు మీద బిగించుకుంటే అరగంట పని.

మీ విషయానికొస్తే, ఫారం 21 చేతిలోకి రాకముందు టైర్ల బేరం మాట్లాడకండి. వచ్చాక జంట టైర్ల ఊసెత్తకుండా, కంపెనీ ఆ మోడల్‌కు ఇచ్చిన సైజులోనే లోతు గాళ్లున్న టైర్లు దొరుకుతాయేమో బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ను అడగండి. ఫిట్‌నెస్‌కు పోయినప్పుడు ఆ సైజు ఆర్సీలో ఉన్నదానికి సరిపోయిందో లేదో అక్కడే చూపించుకోండి.